అద్దం మార్చారు సరే... కంటిచూపు సరిచేశారా?
ముంబై తెలుగు డ్రైవర్ల ముందున్న కొత్త ప్రశ్న

గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అని పెద్దల సామెత. గుడ్డికన్నుతో ఒక మేలుంది. అది చూడలేదని మనిషికి తెలుసు కనుక జాగ్రత్తపడతాడు. ఉన్న వస్తువును ఉన్నచోట కాక పక్కన చూపించే కన్ను అంతకంటే ప్రమాదకరం. నేడు మహానగరాల్లో తిరుగుతున్న కొత్త విద్యుత్ కార్లకు అటువంటి మెల్లకన్ను ఏర్పడే అవకాశం ఒక చిన్న మరమ్మతు వద్ద పొంచి ఉంది. పగిలిన ముందు అద్దాన్ని మార్చి, దాని వెనుక ఉన్న కెమెరాను సరిచేయకుండా వదిలివేయడమే ఆ పొరపాటు.

ఇది ముంబై ధనవంతుల గొడవ, సరిహద్దు పల్లెలకు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ కార్లు కొనేవారు వేరు, నడిపేవారు వేరు. నిర్మల్, ఆదిలాబాద్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి బొంబాయి బస్సెక్కిన కుటుంబాల్లో స్టీరింగ్ పట్టి బతుకుతున్న బిడ్డలు ఎందరో ఉన్నారు. కారు కన్ను తప్పితే కటకటాల వెనక్కి వెళ్లే ప్రమాదం ఆ బిడ్డలదే. కాబట్టి ఈ సంగతి ఊళ్లోని తల్లిదండ్రులకూ తెలిసి ఉండాలి.

కామాఠీలు కట్టిన నగరం

కామాఠీపుర పేరులోనే మనవారి చెమట ఉంది. బొంబాయి ద్వీపాల మధ్య పల్లపు నేలలను పూడ్చి నగరంగా మలిచిన కాలంలో నిజాం రాజ్యం నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వారు గుడిసెలు వేసుకున్న పేట కామాఠీపుర అయింది. తరువాతి తరాల్లో పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో స్థిరపడ్డారు. భివండీ మరమగ్గాల వెనుకా మనవారి చేతులే ఎక్కువగా కనిపిస్తాయి. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మగ్గం పట్టిన చేతులు వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది. అటువంటి చేతులకు దొరికిన ఆధారాల్లో డ్రైవరు పని ఒకటి.

కామాఠీపుర చుట్టుపక్కల కార్ల మరమ్మతుకు పాత పేరుంది. నడిచిపోయే దూరంలోనే పాత కార్ల విడిభాగాలకు పేరుపడిన చోర్‌బజార్ ఉంది. మరోవైపు ఎలక్ట్రానిక్ సామగ్రికి ప్రసిద్ధమైన లామింగ్టన్ రోడ్డు ఉంది. నలుపు పసుపు పద్మినీ టాక్సీలు తిరిగిన రోజుల్లో ముందు అద్దం మార్చడం గంట పని. అద్దం చుట్టూ రబ్బరు పట్టీ తొడిగి, పట్టీ గాడిలో తాడు చుట్టి, లోపలి నుంచి ఆ తాడు లాగుతూ అద్దాన్ని చట్రంలో కూర్చోబెట్టేవారు. నీరు కారకపోతే పని బాగా జరిగినట్టే. తాడ్‌దేవ్ ఆర్టీవోలో నమోదైన చివరి పద్మినీ టాక్సీకి 2023 అక్టోబరుతో 20 ఏళ్ల గడువు తీరింది. దానితోపాటు తాడు లాగి అద్దం బిగించే కాలమూ వెళ్లిపోయింది.

అద్దమే కన్ను అయిన వేళ

ఇప్పటి కార్లలో ముందు అద్దం గాలివానలను ఆపే పలక మాత్రమే కాదు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి తయారుచేసిన ఈ అద్దాన్ని పాలియురిథేన్ జిగురుతో కారు శరీరానికి అతికిస్తారు. కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు కుంగకుండా ఆపడంలో దీనికీ వాటా ఉంది. ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకొనేటప్పుడు దానికి ఆనుడుగా నిలిచేదీ ఇదే. వీటన్నిటికీ తోడు, లోపలి అద్దం వెనుక గాజుకు ఆనుకొని ఒక కెమెరా ఉంటుంది. రోడ్డు గీతలను, ముందు వాహనాలను, అడ్డొచ్చే మనుషులను అది చూస్తుంది. అది పంపిన సమాచారంతోనే కారు హెచ్చరిస్తుంది, గీత దాటబోతే స్టీరింగును సర్దుతుంది, అవసరమైతే తానే బ్రేకు వేస్తుంది. ఈ ఏర్పాటు మొత్తాన్ని క్లుప్తంగా ఏడాస్ అంటున్నారు.

పెట్రోలు, డీజిలు కార్లలోనూ ఏడాస్ ఉంది. కానీ మన దేశంలో ఇటీవల వచ్చిన పెద్ద విద్యుత్ కార్లలో అది దాదాపు ఆనవాయితీగా మారింది. 2022లో బీవైడీ అటో 3, 2024 ఆగస్టులో టాటా కర్వ్ ఈవీ, అదే ఏడాది నవంబరులో మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, 2025 జనవరిలో హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్, జూన్‌లో టాటా హారియర్ ఈవీ వరుసగా మార్కెట్లోకి వచ్చాయి. వీటి ఖరీదైన రకాల్లో ఈ కెమెరా కన్ను ఉంది. 2025 జులైలో టెస్లా తన తొలి భారతీయ షోరూమును తెరిచింది కూడా ముంబైలోనే.

అద్దాన్ని మార్చినప్పుడు కెమెరాను ఊడదీసి కొత్త అద్దం మీది బిగింపులో మళ్లీ పెట్టాలి. బిగింపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, గాజు మందంలో స్వల్ప తేడా వచ్చినా, జిగురు ఒకవైపు ఎత్తుగా పడినా కెమెరా చూపు కోణం మారుతుంది. ఆ తేడాను కంప్యూటరుకు తెలియజేసి, చూపును మళ్లీ సరిచూసి సరిదిద్దడాన్ని క్యాలిబ్రేషన్ అంటారు.

ఒక్క డిగ్రీ ఏం చేస్తుంది?

ఈ లెక్క బడిపిల్లలకూ అర్థమయ్యేదే. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందనుకుందాం. 50 మీటర్ల దూరంలో దాని చూపు సుమారు 87 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 100 మీటర్ల దూరంలో ఆ తేడా సుమారు 1.75 మీటర్లు. జాతీయ రహదారిపై ఒక వరుస వెడల్పు సాధారణంగా 3.5 మీటర్లు, అంటే తేడా సరిగ్గా అందులో సగం. మన వరుస నడిమధ్యలో ఉన్న లారీ, కెమెరాకు వరుస అంచు గీత మీద ఉన్నట్టు తోస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ 100 మీటర్లు దాటడానికి పట్టేది నాలుగున్నర సెకన్లు మాత్రమే.

పైకీ కిందికీ వచ్చే తేడా మరింత ప్రమాదకరం. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున ఉన్న కెమెరా, ముందు వాహనం చక్రాలు నేలను తాకేచోటు కోణాన్నిబట్టి దూరం అంచనా వేస్తుందనుకుందాం. కోణం అర డిగ్రీ తప్పితే, 50 మీటర్ల దూరంలోని వాహనం 75 మీటర్ల దూరంలో ఉన్నట్టో, 37 మీటర్లలోనే ఉన్నట్టో లెక్క వస్తుంది. మొదటి పొరపాటుతో బ్రేకు ఆలస్యమవుతుంది. రెండో పొరపాటుతో అవసరం లేనిచోట కారు ఠక్కున ఆగి, వెనుక వచ్చే లారీకి బలవుతుంది. చాలా కార్లలో రాడార్ సాయం ఉంటుంది, కంప్యూటరు ఇతర ఆనవాళ్లనూ లెక్కలోకి తీసుకుంటుంది. అందువల్ల ప్రతిసారీ ఇంత తేడా రాదు. అయినా ఎక్కడ, ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియకపోవడమే అసలు చిక్కు.

మేస్త్రీ చెప్పిన పాఠమే

క్యాలిబ్రేషన్ రెండు విధాలు. మొదటిది కారును నిలబెట్టి చేసేది. సమతలమైన నేల మీద కారును నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, డిక్కీలోని బరువులు దించి, కారు నడిమి గీతకు సూటిగా, కంపెనీ చెప్పిన దూరంలో, చెప్పిన ఎత్తులో ప్రత్యేకమైన గుర్తులున్న పలకలు నిలబెడతారు. కంప్యూటరును కలిపి కెమెరాకు ఆ పలకలను చూపిస్తారు. పని సాగుతున్నంతసేపూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ నీరసించకుండా చూడాలి. విద్యుత్ కారులో పెద్ద బ్యాటరీ ఉన్నా కంప్యూటర్లకు ఈ చిన్న బ్యాటరీయే ఆధారం. రెండోది నడుపుతూ చేసేది. గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డుపై నిర్ణీత వేగంతో కొంతదూరం నడపాలి. కొన్ని కార్లకు ఒకటి చాలు, కొన్నిటికి రెండూ కావాలి. టెస్లా కార్లలోనైతే అద్దం మార్చాక పాత లెక్కను చెరిపివేయాలి. ఆపై మామూలుగా 32 నుంచి 40 కిలోమీటర్లు నడిచేలోగా కెమెరాలు తమను తామే సరిచేసుకుంటాయని ఆ కంపెనీ పుస్తకం చెబుతుంది.

కామాఠీ మేస్త్రీలకు ఇందులో కొత్త ఏమీ లేదు. దారానికి వేలాడే గుండుతో నిలువు చూసి, రసమట్టంతో అడ్డం చూసి, మూలమట్టంతో మూల కలిపాకనే వారు గోడ లేపేవారు. మొదటి వరుసలో గింజంత వంకర పైకి వెళ్లేసరికి జానెడవుతుందని వారికి తెలుసు. కెమెరా పనిలోనూ నియమం అదే. సాధనం మారింది, సూత్రం మారలేదు.

చిక్కల్లా స్థలం దగ్గర ఉంది. ఇరుకైన గల్లీలో, ఎత్తుపల్లాల నేల మీద, ఎదురుగా హాండ్‌కార్టులు కదులుతుండగా పలకలు నిలబెట్టడం సాధ్యం కాదు. వానాకాలంలో గుంతలు పడి, గీతలు చెరిగిన రోడ్ల మీద నడుపుతూ చేసే పనీ కుదరదు. కామాఠీపుర పాత భవనాలను సామూహికంగా పునర్నిర్మించడానికి మ్హాడా ప్రణాళిక సాగుతోంది. ఆ పటంలో చిన్న మరమ్మతు దుకాణాలకు ఎటువంటి స్థలం దక్కుతుందన్నది ఆలోచించదగిన ప్రశ్న.

మెకానిక్కు తాళం ఎవరు వేశారు?

గల్లీ మెకానిక్కును నిందించడం సులభం. అతనికి కంప్యూటరు తాళంచెవి ఇవ్వనిది ఎవరన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది అందులో ముఖ్యమైన అభియోగం. ఆ జరిమానాపై వ్యాజ్యాలు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ ప్రారంభించి, అందులో ఆటోమొబైల్ రంగాన్నీ చేర్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఈ హక్కుకు చట్టం చేసింది. పరికరమూ సమాచారమూ సరసమైన ధరకు అందితే మన చాళ్ల కుర్రవాళ్లు ఈ విద్యను నేర్వలేరా? తప్పక నేర్వగలరు. అందకపోతే అద్దం మార్చి, కెమెరాను కంటికొలతతో బిగించి పంపేస్తారు. ఆ తేడా డబ్బుకు ఆశపడే యజమాని అక్కడికే వెళతాడు.

నిబంధనలు ఇంకా వెనుకే ఉన్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన అద్దం నాణ్యత, పారదర్శకతల గురించి చెబుతుంది. ముందు వెనుక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు రావాలంటుంది. దాని ఆధారంగానే 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిలింలను నిషేధించింది. కెమెరా సరిచేశారా అని అడిగే మాట ఆ నిబంధనలో లేదు. సొంత కారుకు 15 ఏళ్లదాకా మళ్లీ ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు కనుక మధ్యలో అడిగేవారే ఉండరు. ఐరోపాలో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అత్యవసర బ్రేకు, వరుస కాపు వంటివి తప్పనిసరి. మన దేశంలో 2025లో పెద్ద బస్సులు, లారీలకు ఇటువంటి ఏర్పాట్లు తప్పనిసరి చేయడానికి ముసాయిదా వెలువడింది. యంత్రాన్ని తప్పనిసరి చేయడంతో పని పూర్తికాదు. మరమ్మతు తరువాత దాన్ని సరిచూసే బాధ్యత ఎవరిదో కూడా చట్టమే చెప్పాలి.

నేరం ఎవరి మెడకు?

అసలు ఆందోళన ఇక్కడే. అద్దం ఎక్కడ మార్చాలో నిర్ణయించేది యజమాని. క్యాలిబ్రేషన్ ఖర్చు మిగుల్చుకొనేదీ ఆయనే. ప్రమాదం జరిగితే పోలీసులు మొదట పట్టుకొనేది డ్రైవరును. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. కారు తానే బ్రేకు వేసిందనో, వేయలేదనో డ్రైవరు చెప్పినా, చేతిలో కాగితం లేనిదే ఆ మాట నిలవడం కష్టం.

2024 డిసెంబరు 9 రాత్రి ముంబై కుర్లాలో బెస్ట్ సంస్థ నడిపే ఎలక్ట్రిక్ బస్సు జనం మీదికి దూసుకెళ్లి 9 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఘటనకూ కెమెరాలకూ సంబంధం లేదు. కానీ డ్రైవరు అరెస్టు వెంటనే జరిగింది. గేర్లులేని ఆ కొత్తరకం బస్సు నడపడానికి అతనికి ఇచ్చిన శిక్షణ చాలినంతగా ఉందా అన్న చర్చ ఆ తరువాతే మొదలైంది. కొత్త యంత్రం వచ్చినప్పుడు బాధ్యత మొదట చివరి మనిషి మీదనే పడుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

చేతిలో ఉన్న జాగ్రత్తలు

చట్టం మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. చిన్న రాయి తగిలి చుక్కంత దెబ్బ పడితే, అది డ్రైవరు చూపుకూ కెమెరాకూ అడ్డం లేనిచోట ఉంటే, రెసిన్ నింపి అద్దాన్ని కాపాడవచ్చు. అప్పుడు కెమెరాను కదిలించే అవసరమే రాదు. పగులు పాకేదాకా చూస్తూ ఉండటమే నష్టం. అద్దం మార్చక తప్పకపోతే కెమెరాకు తగిన బిగింపు ఉన్న అద్దాన్నే వేయించాలి. జిగురు ఆరేదాకా, షాపువారు చెప్పిన సమయం వరకు, కారు కదపరాదు. బిల్లులో క్యాలిబ్రేషన్ అన్న మాట విడిగా రాయించాలి. పనికి ముందూ వెనుకా తీసిన స్కాన్ కాగితాలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.

బీమాలో అద్దం భాగాలకు తరుగుదల కోత లేదు. కానీ క్యాలిబ్రేషన్ చార్జీ కూడా ఇస్తారా అన్నది పని మొదలుపెట్టకముందే బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. క్లెయిము చేస్తే, ప్రత్యేక రక్షణ తీసుకోనివారికి, నో క్లెయిమ్ బోనస్ పోతుందన్నది మరువరాదు. ఐదేళ్లు క్లెయిము లేనివారికి ఆ బోనస్ 50 శాతం దాకా ఉంటుంది. పాత అద్దంతోపాటు ఫాస్టాగ్ కూడా పోతుంది. ఊడదీసిన ట్యాగు మళ్లీ పనిచేయదు కనుక బ్యాంకు నుంచి కొత్తది తీసుకోవాలి. దాన్ని కెమెరా ముందు అతికించరాదు.

యజమాని క్యాలిబ్రేషన్ చేయించనంటే డ్రైవరు గొడవపడనక్కరలేదు. "సార్, అద్దం మార్చారు, కెమెరా సరిచేయించలేదు, చేయించేదాకా హెచ్చరికలను నమ్మలేను" అని మర్యాదగా ఒక వాట్సాప్ సందేశం పంపితే చాలు. రేపు అవసరమైనప్పుడు ఆ ఒక్క వాక్యమే సాక్ష్యం కావచ్చు. గీతల మధ్యే వెళుతున్నా హెచ్చరిక మోగడం, ఖాళీ రోడ్డుపై బ్రేకు పడటం, స్టీరింగు ఒకవైపు లాగడం కనిపిస్తే ఆ సాయాలను ఆపివేసి, కారును సర్వీసుకు చూపించాలి.

పండుగ మాట కూడా ఒకటుంది. దసరాకు ఆయుధపూజ చేసి బండి అద్దానికి పసుపు కుంకుమలు పెట్టడం మన ఆచారం. నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టడమూ ఉన్నదే. బొట్టు బానెట్టు మీద పెట్టినా అమ్మవారు కాదనదు. కెమెరా ముందున్న ఆ అరచేయంత గాజును మాత్రం శుభ్రంగా వదలాలి.

ఊరి దారిలో

బతుకమ్మకో, దసరాకో ముంబై నుంచి కారులో వచ్చేవారికి కల్యాణ్, నాందేడ్, భైంసా, నిర్మల్ మీదుగా జగిత్యాల చేరే 61వ నంబరు జాతీయ రహదారి తెలిసిన దారే. పత్తి కాలంలో వెనుక దీపం లేని ట్రాక్టర్లు, చీకట్లో ఎడ్లబండ్లు, రోడ్డుమీద పడుకున్న పశువులు అక్కడ మామూలు. సరిగ్గా ఉన్న కెమెరా సైతం వీటన్నిటినీ గుర్తుపడుతుందన్న భరోసా లేదు. ఇక చూపు తప్పిన కెమెరా సంగతి చెప్పనక్కరలేదు. ఆ కారు లోపల ఉన్నవారూ మనవాళ్లే, ఎదురుగా ఎడ్లబండి తోలుకొచ్చేవారూ మనవాళ్లే.

కార్ల పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ముంబైలో తెలుగు మాధ్యమంలో మున్సిపల్ బడులు ఉన్నాయి, దాదరులో ఆంధ్ర మహాసభ ఉంది, కులసంఘాలున్నాయి. తెలుగులో ఒక నాలుగు పేజీల కరపత్రం వేసి, ఒక ఆదివారం డ్రైవర్లను కూర్చోబెట్టి చెప్పడం వీరికి భారం కాదు. ప్రభుత్వం చేయవలసినది అంతకంటే పెద్దది. అద్దం మార్చిన ప్రతి బిల్లుకూ క్యాలిబ్రేషన్ ధ్రువపత్రం జతచేయాలన్న ఒక్క నిబంధన చాలు, సగం ప్రమాదం తొలగుతుంది. ఆ పరికరాలను చిన్న మెకానిక్కులకు అందుబాటులోకి తెస్తే మిగిలిన సగం తగ్గుతుంది.

నగరాన్ని నిలువుగా నిలబెట్టిన కామాఠీల మనుమలు నేడు ఆ నగరం కార్లను నడుపుతున్నారు. తాత గుండుదారం వంకరగా ఉంటే గోడ కట్టనని మేస్త్రీతో చెప్పగలిగాడు. మనుమడికీ ఆ మాట అనే హక్కు ఉండాలి.